పైపు మీది మంచు

గరాజు తలుపుకు జానెడు దూరంలో లోడర్ తొట్టిని నేలకు ఆనించి, లైల్ కంగాస్ ట్రాక్టర్‌ను వెనక్కి లాగాడు. తలుపును అంటుకుని ఉన్న మంచు తొట్టి అంచు వెంట గీసుకుంటూ వాకిలి మధ్యకు వచ్చింది. ఇప్పుడు దాన్ని ముందుకు నెట్టాలి, తొట్టి నిండాక పైకెత్తాలి, పక్కనున్న గుట్ట మీద కుమ్మరించాలి. మళ్లీ వెనక్కి రావాలి. వెలుగు రాకముందు నుంచీ ఇదే పని. ఈసారి కుమ్మరించినప్పుడు తెల్లటి మంచులోంచి పసిపిల్ల డైపరొకటి, రెండు బీరు డబ్బాలు, ఏ పండక్కి తిన్నవో కోడి ఎముకలు దొర్లిపడ్డాయి. అది పళ్ల డాక్టరు ఇల్లు. ఊరందరి నోళ్లూ శుభ్రం చేసే మనిషి ఇంటి ముందు ఇంత కశ్మలం.

"ఛీ," అన్నాడు లైల్. వినడానికి ఎవరూ లేరు.

మంచును చూసి ముచ్చటపడేవాళ్లది వేరే ఊరై ఉండాలి. ఇక్కడ పెద్ద సరస్సు మీంచి నవంబరులో మొదలైన మంచు ఏప్రిల్ దాకా కురుస్తూనే ఉంటుంది. ఊరు తన చెత్తనంతా దాని కింద దాచుకుంటుంది. దాచిందంతా చివరికి లైల్ తొట్టిలోకి వస్తుంది. ఇది చాలదన్నట్టు, అతను అద్దంలా తీసిపెట్టిన ప్రతి వాకిలి మూతి దగ్గరా కౌంటీ వాళ్ల మంచు తోసే పెద్ద బండి వచ్చి రోడ్డు మీది బురదమంచును అడ్డంగా గట్టు పోసి పోతుంది. ఆ గట్టు గంటలో రాయిలా బిగుసుకుంటుంది. డబ్బిచ్చేవాళ్లు మాత్రం ఫోన్ చేసి, నువ్వు రాలేదా అని లైల్‌నే అడుగుతారు.

లైల్‌కు అరవై దాటాయి. ముక్కు కారి మీసాల మీద గడ్డకట్టింది. ఎడమచేతి రెండు వేళ్లకు కొసలు లేవు, అవి రంపపు మిల్లులో పోయాయి. తరవాత మిల్లే పోయింది. పోతూ పోతూ మిల్లు చేతిలో పెట్టిన డబ్బుతో ఈ చిన్న ట్రాక్టర్ కొన్నాడు. అక్కకు బాగాలేదని దక్షిణానికి వెళ్లిన భార్య మార్లీన్ ఇంతవరకు తిరిగి రాలేదు. ఇన్నేళ్లయినా ఆ అక్క జ్వరం తగ్గినట్టు లేదు. ట్రాక్టర్ డ్రైవరు గదిలో డీజిలు, తడిసిన ఉన్ని, నిన్న తినగా మిగిలిన, మాంసం కూరి కాల్చిన పాస్టీలోని ఉల్లిపాయ కలిసి ఒక కంపు. అందులో తన వాసన ఎంతో అతనికి తెలుసు. దానికీ రోత పుట్టేది.

తరవాతి వాకిలి హిల్యా రాంటా అనే ముసలావిడది. ఎనభై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటుంది. ఒకప్పుడు బళ్లో పిల్లలకు వంట చేసి పెట్టేది. లైల్ కూడా ఆమె చేతి బఠాణీ సూపు తాగి పెరిగినవాడే. క్రిస్మస్ ముందు ఆమె మేనల్లుడు క్రెయిగ్ ఫోన్ చేసి, తన పెద్ద పికప్ బండి తిరగడానికి చోటు చాలడం లేదనీ, వాకిలిని పెరట్లో ఆవిరి స్నానాల సౌనా గది దాకా వెడల్పు చేయమనీ అన్నాడు. లైల్ అలాగే చేశాడు. అప్పటినుంచీ రోజూ అంతమేరా తీస్తున్నాడు.

ఇవాళ కూడా సౌనా వెనకనున్న గుట్టలోకి తొట్టిని దించి ఎత్తేసరికి పసుపు, గోధుమ రంగు కలిసిన ముద్ద ఒకటి అంచు మీంచి జారి చక్రం పక్కన పడింది. ఈ వారంలో ఇది మొదటిసారి కాదు.

ట్రాక్టర్ ఆపి, పక్కింటి కంచె దగ్గర మంచు తోసుకుంటున్న గోర్డీ మీదికి వెళ్లాడు. గోర్డీది సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే లారీ. ఊరి మలమంతా మోసేవాడు కాబట్టో ఏమో, ఊళ్లో ఎప్పుడూ నవ్వుతూ కనిపించేది అతనొక్కడే.

"నీ కుక్కను కట్టేసుకోవయ్యా. ముసలావిడ పెరడంతా పాడు చేస్తోంది. ఎత్తలేక చస్తున్నాను."

గోర్డీ పార ఆపి అతన్ని వింతగా చూశాడు. "నా కుక్క చచ్చిపోయిందిగా. మొన్న నవంబరులో, జింకల వేటప్పుడు పాతిపెట్టాను. గుంట తవ్వడానికి నువ్వే గడ్డపార ఇచ్చావు."

లైల్‌కు గుర్తొచ్చింది. వెనక్కి నడిచాడు. ఈసారి గుట్టను కాక, గుట్ట దగ్గరికి వచ్చిన అడుగులను చూశాడు. ఇంటి వెనక తలుపు నుంచి సౌనా దాకా, సౌనా నుంచి గుట్ట దాకా చిన్న చిన్న అడుగులు, పక్కనే కర్ర పోటు గుర్తులు, మధ్యలో అక్కడక్కడా ఏదో బరువు దించి పెట్టినట్టు గుండ్రటి అచ్చులు ఉన్నాయి. బకెట్ అచ్చులు.

ఇంట్లోంచి సెప్టిక్ ట్యాంకుకు పోయే పైపు సౌనా ముందు నుంచే వెళుతుంది. అది లైల్‌కు తెలియని సంగతి కాదు. ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు, పైపు మీద మంచును కదపకూడదని. ఆ మంచే దానికి దుప్పటి. దుప్పటి లాగేసి పైన చక్రాలు తిప్పితే చలి నేలలోకి దిగి, లోపలిది లోపలే గడ్డకట్టుకుపోతుంది. క్రెయిగ్ చెప్పిన రోజు మరో ఆరు వాకిళ్లు మిగిలి ఉన్నాయి. తొందరలో లైల్ ఆలోచించలేదు.

హిల్యా తలుపు కొంచెమే తీసింది. కాఫీ వాసన, యాలకుల రొట్టె వాసన, వాటి వెనక నుంచి ఇంకో వాసన. ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు లైల్.

"ఏంట్రా, ఎన్నాళ్ల నుంచి?"

"పైపు."

ముసలావిడ మొహం ఎర్రబడింది. మంచులోకి చూస్తూ, "పండగ వెళ్లిన దగ్గర్నుంచి," అంది. "గిన్నెలు కడిగినా తొట్లో నీళ్లు కదలవు. ఆ మిగతాది నువ్వు చూడకూడదనే చీకట్లో పోస్తున్నాను. చూసేశావన్నమాట. ఛీ, నా బతుకు."

"నాకు చెప్పొచ్చుగా."

"నీకు చెబితే గోర్డీకి చెబుతావు, గోర్డీ చర్చిలో చెబుతాడు, చర్చి క్రెయిగ్‌కు చెబుతుంది. వాడు టౌన్లో ఆ వృద్ధుల ఇంట్లో గది చూసి పెట్టి కూర్చున్నాడు, ఏదో ఒక సాకు దొరక్కపోతుందా అని. అక్కడికి పోతే నేను మళ్లీ రాను, లైల్. ఈ సౌనా మా ఆయన కట్టింది. పోయేటప్పుడు ఇక్కడి నుంచే పోతాను."

లైల్ బూట్ల వంక చూసుకున్నాడు. "పైపుకేం కాలేదు. గడ్డకట్టిందంతే. గోర్డీ దగ్గర ఆవిరి మిషను ఉంది. మధ్యాహ్నం తెస్తాడు, సాయంత్రానికి నీళ్లు పోతాయి. మీరెక్కడికీ వెళ్లక్కర్లేదు."

"దాని మీద తిప్పింది నువ్వేగా?"

అతను గుమ్మం మీది మంచును బూటుతో పక్కకు తోశాడు.

"సరేలే," అంది ఆమె. "తెలిసి చేశావా ఏంటి."

వెళ్లి అడిగితే గోర్డీ, పక్క ఊళ్లో ఇంకొకరి ట్యాంకు చూసుకుని వస్తానన్నాడు. లైల్ మిగతా వాకిళ్లు తీశాడు. చర్చి ముందు, మూసేసిన వేసవి ఇళ్ల ముందు, ఎవరూ రాని చోట ఎవరికోసమో శుభ్రంగా తీస్తూ పోయాడు. ట్రాక్టర్లోనే చల్లారిన పాస్టీ కొరికాడు. మాంసంలో కొవ్వు అంగిలికి అంటుకుంది. ఆ ముద్ద రంగు గుర్తొచ్చి, కిటికీలోంచి ఉమ్మేశాడు.

మధ్యాహ్నం దాటాక హిల్యా ఇంటికి తిరిగి వచ్చేసరికి, పొద్దున తను వెడల్పుగా తీసిన చోట క్రెయిగ్ పికప్ నిలబడి ఉంది. వెనక ఒక పెట్టె, కుట్టు మిషను. హిల్యా చర్చికి వేసుకునే నల్ల కోటులో మెట్టు మీద ఉంది.

క్రెయిగ్ లైల్‌ను చూడగానే ఎదురొచ్చాడు. "ఊరికే చూసిపోదామని వచ్చానయ్యా. తలుపు తీస్తే కడుపులోది బయటికొచ్చింది. మనిషి ఉండాల్సిన కొంపేనా? నువ్వు తిప్పి గడ్డకట్టించావేమోనని నా అనుమానం. అదే నిజమైతే నిన్ను ఊరికే వదలను. ఈవిడేమో కాదు, పైపే పాతదై కూలిపోయింది అంటోంది. కూలితే తవ్వి మార్చాలి, ఈ నేల మే దాకా గడ్డపారకు లొంగదు. అన్నాళ్లు బకెట్లో బతుకుతుందా? నువ్వు చెప్పు. పాతదేనా?"

హిల్యా కోటు గుండీ పెట్టుకోవడం ఆపి లైల్ వైపు చూసింది.

ఆమె అబద్ధమాడింది తనకోసమేనని లైల్‌కు తెలుసు. చెప్పాల్సింది రెండు ముక్కలు. నేనే తిప్పాను, గోర్డీ వస్తున్నాడు. ఆ రెండు ముక్కలు చెబితే పెట్టె మళ్లీ లోపలికి పోతుంది. కానీ తను చేసే పనికి ఇన్సూరెన్సు లేదు. ఈ సంగతి పళ్ల డాక్టరు దాకా పోతుంది, అక్కడి నుంచి ప్రతి వాకిలికీ పోతుంది. మిల్లులో కూడా ఇలాగే జరిగింది. తను బిగించడం మరిచిన రంపం తొడుగుకు ఇంకొకడి ఉద్యోగం పోతుంటే, లైల్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అప్పుడూ ఎవరో అతని వైపు ఇలాగే చూశారు.

"ఊ," అన్నాడు. "పాతదే."

హిల్యా తల వంచుకుని గుండీ పెట్టేసుకుంది. మెట్లు దిగుతూ, అతన్ని దాటేటప్పుడు, "బల్ల మీద రొట్టె ఉంది, తీసుకో," అంది. "పొద్దున నీకోసమే చేశాను. పారేస్తే పాడు."

పికప్ వెనక్కి పోవాల్సిన అవసరం కూడా లేకుండా, లైల్ తీసిన చోట హాయిగా ఒక్క చుట్టు తిరిగి రోడ్డెక్కింది. చోటు సరిగ్గా సరిపోయింది.

కాసేపటికి గోర్డీ ఆవిరి మిషనుతో వచ్చాడు. ట్యాంకు మూత ఎత్తి గొట్టం పైపులోకి దించాడు. ఆవిరి బుసలు కొట్టింది, మురుగు కంపు గుప్పుమంది. పొద్దు వాలకముందే లోపలెక్కడో పెద్ద గుటక పడ్డ చప్పుడైంది. నీళ్లు గడగడా వెళ్లిపోయాయి.

"ఇంత గట్టి పైపు ఈ చుట్టుపక్కల లేదు," అన్నాడు గోర్డీ చేతులు మంచుతో తుడుచుకుంటూ. "నిన్నూ నన్నూ పాతిపెట్టాక కూడా ఉంటుంది. క్రెయిగ్‌కు ఫోన్ చేసి చెప్పు, ఇంకా టౌను చేరి ఉండరు. ముసలమ్మను వెనక్కి తెస్తాడు."

"చెప్తాలే," అన్నాడు లైల్.

ఫోను కోటు లోపలి జేబులో ఉంది. తీయలేదు. గోర్డీ లారీ వెళ్లిపోయేదాకా ట్రాక్టర్ పక్కన నిలబడ్డాడు. తనంటే తనకు అసహ్యం వేసింది. అసహ్యం వేసినా చెయ్యి జేబులోకి పోలేదు. ఇంతదాకా ఎత్తిపోసిన చెత్తలో దేన్ని చూసినా ఇంత రోత కలగలేదు. ఎక్కి ఇంజను తిప్పాడు. తొట్టితో గుట్ట మీది మంచు కొంచెం తెచ్చి, పైపు ఉన్న మేరంతా మందంగా పరిచాడు. ఇక ఎవరికీ అక్కర్లేని దుప్పటి అది.

ట్రాక్టర్ మళ్లించేటప్పుడు దీపాల వెలుగు సౌనా మెట్టు మీద పడింది. హిల్యా వెళ్లేముందు వేడినీళ్లతో తోమి బోర్లించిన తెల్ల ఎనామెల్ బకెట్ మీద, నాలుగు మడతలు పెట్టి ఆరేసిన తడిగుడ్డ బిగుసుకుపోయి ఉంది.