నక్షాలో పూలతోట

రైల్వే ఆఫీసులో టేబుల్ మీద పరిచిన నక్షాలో పేతురు తన వాడంతా చూసుకున్నాడు. గుడ్డకు అతికించిన నిజాం కాలపు కాగితం అది. నడుమ స్టేషను, ఎడమ పక్క దొర మక్తా భూములు, జిన్నింగు మిల్లు, కుడి పక్క మిషన్ కాంపౌండు. తర్వాతి సర్వేల్లో చేర్చినవి ఎర్ర సిరాతో ఉన్నాయి. ముప్ఫై అయిదేళ్లు ఆ పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా చాకిరీ చేసిన మనిషికి ఏ గీత ఏదో ఒకరు చెప్పాలా? అయినా ఆయన వేలు కాంపౌండు వెనక్కి పోవడానికి మొరాయించింది.

అక్కడ ఆయన తొలి బిడ్డ మహిమ ఉంది. మూడు నెలలకే జ్వరమొచ్చి పోయింది. ఇప్పుడు ఆ జాగాలో మూడో లైను పడుతోంది. సమాధులున్నట్టు నక్షాలో ఉంటే అధికారులే పాస్టరును పిలిపించి, ప్రార్థన చేయించి, వేరే జాగాకు తరలిస్తారు. లేకపోతే సోమవారం నేరుగా జేసీబీ వస్తుంది.

“ఇక్కడ పూలతోట అని ఉంది పెద్దాయనా. సమాధులేం లేవు,” అన్నాడు ఇంజినీరు సాయిచంద్.

పేతురుకు తెలుసు. అలా రాయించింది తనే.

నలభై ఆరేళ్ల క్రితం సర్వేవాళ్లు వచ్చినప్పుడు కొలత గొలుసు పట్టింది ఆయనే. మహిమ పోయి అప్పటికి ఏడాది కాలేదు. రైల్వే జాగాలో సమాధులుంటే పెకిలించి పారేస్తారని ఎవడో పుకారు పుట్టించాడు. సంఘమంతా హడలిపోయింది. ఆదివారం ఆరాధన కాగానే కర్ర సిలువలన్నీ పీకేసి, మట్టి కుప్పలు చదును చేసి, గన్నేరు మొక్కలు నాటారు. మర్నాడు ఇదేమిటని సర్వేయరు అడిగితే, “మా చర్చి పూలతోట సార్” అని తడుముకోకుండా చెప్పాడు పేతురు. పాస్టరు భుజం తట్టాడు. ఎంత తెలివి, ఎంత తెలివి అని వాడంతా మురిసిపోయింది. ఆ తెలివి తగలెయ్య! మళ్లీ సిలువలు పాతే ధైర్యం ఇన్నేళ్లలో ఒక్కరికీ రాలేదు. ఏటా ఈస్టర్‌నాడు మొక్కల మొదట్లోనే కొవ్వొత్తులు పెట్టి వస్తున్నారు.

“అబద్ధం చెప్పిన సార్. అది తోట గాదు. నా బిడ్డ ఉన్నది ఆడ.”

సాయిచంద్ మంచివాడే పాపం.

“నేను నమ్ముతా పెద్దాయనా. కానీ గీ కాగితం ముందర నా మాట చెల్లది. సమాధి అని తవ్వుడుకు పర్మిషన్ ఇయ్యరు. తోట కాబట్టి మొక్కలైతే తీసుకపోవచ్చు.”

పేతురు ఇంటికి వచ్చి భార్య సాయవ్వకు అంతా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననీ అనుకున్నాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, మూలనున్న గడ్డపార తెచ్చి ఆయన చేతికిచ్చింది.

“నడువు. మన ఎర్ర గన్నేరు తెచ్చుకుందాం.”

తోటంతా తెల్ల గన్నేర్లే. మహిమ మీద మాత్రం సాయవ్వ చెన్నూరులోని పుట్టింటి నుంచి తెచ్చి నాటిన ఎర్రది. అంత పెద్ద చెట్టును కదిలించడం ఆ ముసలివాళ్ల వల్ల అయ్యే పని కాదు. దాని మొదట్లో మొలిచిన ఒక పిలకను చూసుకుని పేతురు తవ్వడం మొదలుపెట్టాడు. రెండు పోట్లు పొడిచాడో లేదో, సాయవ్వ గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది.

“పైపైన తవ్వయ్యా. జర మెల్లగ. బిడ్డకు తాకుతది.”

సోమవారం ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలుసు. పేతురు గడ్డపార పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, చేతులతో మట్టి తీయసాగాడు.