వేడి చూసిన వేలు

మా అల్లుడు ఉమాకాంత్ ఉద్యోగం పోయిన మూడో నెలలో గరాజ్‌లో బీరు కాచడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది అమెరికాలో మేముండే షామ్‌బర్గ్‌లో ఎవరింట విన్నా లేఆఫ్ మాటే. బయట మోకాలి లోతు మంచు. మా రజిని ఆఫీస్‌కి వెళ్తే ఇంట్లో మిగిలేది అత్తా అల్లుళ్లమే.

అంతకుముందు అతను మధ్యాహ్నం దాకా దుప్పటి ముసుగు తీసేవాడు కాదు. ఇప్పుడు ఏడింటికే లేచి బార్లీ పాకం మరిగిస్తున్నాడు. నాకు సంతోషం వెయ్యాలి. వేస్తే బాగానే ఉండును.

మా ఆయన లక్ష్మీపతి సారా తాగేవాడు. ఆయన చెప్పుల చప్పుడు వినగానే రజిని మంచం కిందికి దూరేది. ఏడేళ్ల పిల్ల. పలకను కూడా తనతో లోపలికి లాక్కునేది. దాని ఇంట్లో మళ్లీ ఇదేమిటని నా గుబులు.

ఒకరోజు ఉమాకాంత్ మూడు చిన్న పొట్లాలు నా ముందు పెట్టాడు.

"అత్తయ్యా, ఇవి ఎండబెట్టిన ఈస్ట్, బీరుకి తోడు లాంటివి. ఇది వేస్తే పళ్ల వాసనొస్తుందట. ఇది త్వరగా అడుక్కి దిగుతుంది. ఇదేమో ఏ వాసనా పెట్టదు, క్లీన్‌గా ఉంటుంది. ఏది వేద్దాం?"

"నన్నడుగుతావేంటి బాబూ, నేనేమన్నా తాగే మనిషినా?"

"పులియబెట్టడంలో మీ తర్వాతే ఎవరైనా. ఈ చలిలో కూడా మీ పెరుగు గడ్డలా తోడుకుంటుంది."

ఏ వాసనా పెట్టనిది చూపించాను.

"థర్మామీటర్ సింక్‌లో పడి పగిలిపోయింది. ముందు ఈస్ట్‌ని ఈ గ్లాసు నీళ్లలో నానబెట్టాలి. పెరుగు తోడుపెట్టే వేడికి రాగానే చెప్పండి. మరీ వేడైతే చచ్చిపోతుంది" అని, తను పాకం గిన్నెను మంచులో పెట్టి చల్లారుస్తూ కూర్చున్నాడు.

గ్లాసులో వేలు పెట్టాను. చురుక్కుమంది. మంచం కింద పలక కళ్ల ముందు మెదిలింది.

"చాలు బాబూ, వేసెయ్."

నమ్మి వేసేశాడు.

పాకాన్ని బకెట్‌లో పోసి, ఆ ఈస్ట్ కలిపి మూత బిగించాడు. మూతకున్న గొట్టంలో నీళ్లుంటాయి. లోపల పులుస్తుంటే ఆ నీళ్లలో బుడగలు రావాలి. రెండు రోజులు దాని పక్కనే చెవి పెట్టుక్కూర్చున్నాడు. మూడో రోజుకీ ఒక్క బుడగ రాలేదు. లేచి నిలబడ్డాడు.

"ఈస్ట్ సెలెక్ట్ చేసుకోవడం కూడా చేతకాలేదు నాకు. ఇదీ పాడుచేశానని రజినితో అనకండి అత్తయ్యా."

వెళ్లి మళ్లీ ముసుగు తన్నాడు. అన్నానికి పిలిస్తే పలకలేదు. ఇక నా వల్ల కాలేదు. మంచం దగ్గర నిలబడ్డాను.

"బాబూ, ఈస్ట్ మంచిదే. నీళ్లే ఆ రోజు కాలిపోతున్నాయి. తెలిసే చెప్పాను."

ముసుగు తీశాడు. "ఎందుకు?"

పలక సంగతి చెప్పాను.

"మామయ్యలా కనిపించానా మీకు?"

అతను లేచి కోటు వేసుకుని బయటికెళ్లి కొత్త థర్మామీటర్ తెచ్చాడు. బకెట్ వాసన చూశాడు, ఇంకా పాడవలేదు. ఇంకో పొట్లం తీశాడు.

"వేడి నన్ను చూడమంటావా?" అన్నాను.

"వద్దు అత్తయ్యా. ఇదుంది కదా."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మర్నాటికి గొట్టంలో బుడగలు మొదలయ్యాయి. రజిని ఆఫీస్ నుంచి రాగానే వంగి విని, "అమ్మా, ఎక్కిళ్లొస్తున్నట్టు లేదూ దీనికి!" అని నవ్వింది. ఉమాకాంత్ నావైపు చూడలేదు. నేను చేసిన పని దానికి చెప్పనూ లేదు.

ఆ సాయంత్రం పెరుగు తోడుపెట్టబోయి పాలలో వేలు ముంచాను. వేడి సరిపోయిందో లేదో తేలలేదు. మళ్లీ ముంచాను.