ఇద్దరికీ ఇరవయ్యే

పదకొండింటికి దగ్గర్లోని నరసాపురం ఫ్యాక్టరీవాళ్ళ ఇంటర్వ్యూ. కంప్యూటర్ల నెట్‌వర్కు చూసుకునే ఉద్యోగం. సుమ మంచి చీర కట్టుకుని పదిన్నరకే కంప్యూటరు ముందు కూర్చుంది. నెట్టే కుదురుగా కూర్చోలేదు. వస్తోంది, పోతోంది. నంగలిలో వాళ్ళింటి లోపలికి ఫోను సిగ్నలు ఎప్పుడూ రాదు. నెట్‌వర్కు ఉద్యోగం నెట్టు లేక తప్పిపోయిందంటే ఊళ్ళో తలెత్తుకోగలదా?

ఇంకో పది నిమిషాలుందనగా తెర మీద ఒక మాట కనబడింది: మీ నెట్టు నంబరు ఇంకొకరి దగ్గర ఉంది.

సుమ వసారాలోకి పరిగెత్తింది. "మామా, పొద్దున్నించి నెట్టుకు కొత్తగా ఏమన్నా తగిలించినారా?"

మామ గోపాలప్ప మీసం సవరించుకున్నాడు. "పురుగుల కొట్టంలో కెమెరా పెట్టినా కదమ్మా. ఇంగ పట్టుపురుగులు ఆకు తినేది మంచం మింద నుంచే చూడొచ్చు."

"దానికి నంబరు ఎవరిచ్చినారు?"

"నేనే. కెమెరా అమ్మిన అంగడాయన ఏదో ఒకటి వెయ్యమన్నాడు. నీ కంప్యూటరుకు నంబరు రాసి చీటీ అంటించినావే, చివర ఇరవై అని? నీది బాగా పనిచేస్తాండాది కదా, అదే వేసినా."

"అయ్యో మామా! ఆ నెట్టు డబ్బాకు మన మొగాలు తెలీవు, నంబర్లే తెలుసు. ఇద్దరికీ ఇరవై అంటే నాకు రావాల్సింది సగం పురుగులకు పోతాండాది."

మల్బరీ ఆకు తరుగుతున్న అత్త పిల్లమ్మ తలెత్తింది. "మా పుట్టింట్లోనూ అంతే. అవ్వ పేరని ముగ్గురికి పిల్లమ్మ అనే పెట్టినారు. తినేదానికి పిలిస్తే ముగ్గురం పోతాంటిమి. పనికి పిలిస్తే ఒకరూ పోతాండలేదు."

మామ మొగం చిన్నబోయింది. "తీసేద్దునా అమ్మా?"

"వద్దులే మామా." ఇరవైని పురుగులకే వదిలేసి, సుమ తనకు ఇరవయ్యొకటి పెట్టుకుంది. నెట్టు నిలిచింది. అప్పటికే రెండు నిమిషాలు ఆలస్యం.

"ఎందుకమ్మా లేటు?" అన్నాడు తెరలో ఆఫీసరు.

"రెండింటికి ఒకే నంబరు పడింది సార్. మార్చినాను."

"ఎవరు వేశారు?"

గుమ్మంలో గోపాలప్ప తువ్వాలు నలుపుతూ నిలబడి ఉన్నాడు. సుమ ఆయన వైపు చూడలేదు. "చీటీ అందరికీ కనబడేట్టు అంటించింది నేనే సార్."

గోపాలప్ప ఆగలేక తెర ముందుకు తల దూర్చాడు. "నేను వేసినా సార్, మామను! ఆయమ్మ తప్పు ఏమీ లేదు!"

ఆఫీసరు నవ్వు ఆపుకున్నాడు. "కనుక్కోడానికి ఎంతసేపు పట్టింది?"

"పన్నెండు నిమిషాలు సార్. అందులో పది ఇంట్లోవాళ్ళతో మాట్లాడేదానికే."

"సోమవారం కంపెనీ బస్సెక్కి పనిలోకి వచ్చెయ్యమ్మా. ఇక్కడ కూడా ఇలాంటి మామలు చాలామంది ఉన్నారు."