ఏడుపు రాని కోడలు

"నాలికె ఎత్తు."

మనోరమ నాలుక పైకెత్తింది.

"గిటు తిప్పు. గటు. ఆఁ, ఇగ పో."

అంగట్లో ఎద్దు పళ్ళు చూసే బేరగాడిలా కోడలి నోరంతా పరిశీలించి, సత్యమ్మ స్టీలు గ్లాసు కడిగి వంటింటి గూట్లో బోర్లించింది. ఆ గ్లాసు మీద చుక్కలు చుక్కలుగా సత్యమ్మ పేరు కొట్టించి ఉంటుంది. ఎప్పుడూ బోర్లించే ఉంచుతుంది కాబట్టి పేరు ఎప్పుడూ తలకిందులుగానే కనబడుతుంది. సాయంత్రం దీపం పెట్టే ముందు మర్నాటి గోళీ తీసి ఆ గ్లాసు కింద దాచడం, పొద్దున్నే తీసి కోడలి చేతిలో పెట్టడం, మింగాక నాలుక ఎత్తించడం. మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఒక్కరోజు కూడా తప్పని పూజ ఇదొక్కటే. దేవుడి దీపమైనా అప్పుడప్పుడు తప్పేది.

సత్యమ్మ వెతకని చోటు ఒకటుంది. కుడి దవడలో పన్ను ఊడిన సందు. గోళీ అందులో కూర్చుని చేదు కారుస్తోంది. మనోరమ మూతి బిగించుకుని వాకిట్లోకి నడిచి, కనకాంబరం కుండీ దగ్గర కలుపు తీస్తున్నట్టు వంగి, దాన్ని ఉమ్మేసి మట్టి కప్పింది. డిగ్రీ చదువుతున్న కొడుకున్న తల్లి చేయాల్సిన పనేనా ఇది అని తనమీద తనకే విసుగు పుట్టింది. లేచి నిలబడేసరికి లోకం గిర్రున తిరిగింది. గోళీ మానేసినప్పటి నుంచి ఇదొక కొత్త తంటా. తల తిప్పితే చూపు ఒక అడుగు వెనకాల వస్తోంది.

మూడేళ్ళ కిందట మనోరమ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. కారణం లేదు. అదే అందరికీ ఒళ్ళు మండించిన సంగతి. మొగుడు జనార్ధన్ తాగడు, కొట్టడు. కొడుకు హరీష్ ఫెయిల్ కాలేదు. వాళ్ళ ఊరు అత్వెల్లిలో పొలం ధర రోజురోజుకీ పెరుగుతోంది. కష్టమేదో చెబితే నాలుగు మంచి మాటలు చెప్పి టీ తాగి పోదామని వచ్చినవాళ్ళు, ఏమీ లేదని వినగానే తమకే అన్యాయం జరిగినట్టు మొహం పెట్టేవారు. ఉల్లిగడ్డ కోస్తే ఏడ్చేది. కోయకపోయినా ఏడ్చేది. "గీ ఇంట్ల ఎవలు సచ్చిన్రని ఏడుస్తున్నవ్?" అని జనార్ధన్ చెప్పులు విసిరేసి ప్లాట్లు చూపించడానికి వెళ్ళిపోయేవాడు.

ఆ ఏడే సత్యమ్మ పెరటి బావి మీద ఇనుప జాలీ బిగించింది. పిల్లులు పడుతున్నాయని ఊరందరికీ చెప్పింది. వాళ్ళింట్లోనే కాదు, ఆ వాడలోనే పిల్లి లేదు.

తర్వాత సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక డాక్టరు గోళీలు రాసిచ్చాడు. అది ఏ డాక్టరన్నది ఎవరికీ తెలియకూడదని జనార్ధన్ బండిని పక్కనున్న పళ్ళ డాక్టరు బోర్డు ముందు ఆపేవాడు. ఊళ్ళోవాళ్ళకు మాత్రం సత్యమ్మ "రక్తం గోళీలు" అని చెప్పింది. రక్తం అనగానే అందరికీ వైద్యం తెలిసిపోయింది. సంచులకొద్దీ బీట్‌రూట్ వచ్చిపడింది. పారేస్తే అబద్ధం బయటపడుతుంది. వారంలో సగం రోజులు ఆ ఇంట్లో చారు కూడా ఎర్రగానే ఉండేది.

గోళీలు మనోరమను మంచం మీంచి లేపాయి. అది ఒప్పుకుని తీరాలి. కానీ లేపి ఊరుకున్నాయా? నోరు ఎండబెట్టాయి. రవికలన్నీ బిగుతు చేశాయి. సూదిలో దారం ఎక్కించబోతే వేళ్ళు వణికించాయి. ఎదుటివాళ్ళు సరిగ్గా ముఖ్యమైన మాట దగ్గరికి వచ్చేసరికి దవడలు విరిగేలా ఆవులింత తెప్పించాయి. ఇవన్నీ చేసి, పోతూ పోతూ ఏడుపును పట్టుకుపోయాయి.

పోయిన నెల చినమామ బాలనర్సయ్య చనిపోయాడు. పెళ్ళయిన కొత్తలో మనోరమకు సైకిలు మీద మేడ్చల్ నుంచి మిరపకాయ బజ్జీలు తెచ్చిపెట్టిన మనిషి. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంటే ఏడుపు గొంతుదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది, వచ్చినట్టే వచ్చి ఎగ్గొట్టిన తుమ్ములా. మూడేళ్ళ కిందట ఊరికే ఏడుస్తుందని విసుక్కున్న ఆడవాళ్ళే ఇప్పుడు, "కంట్ల సుక్క నీళ్లు లేవు, గుండెనా బండనా?" అన్నారు. దారిలో సత్యమ్మ నవ్వుతూనే అడిగింది: "నేను పోయిన్నాడు గూడ గిట్లనే గూసుంటవానే?"

మనోరమ గోళీని దవడ సందులో దాచడం నేర్చుకున్నది ఆ మర్నాటి నుంచే.

పదిగంటలకు కొత్త కాలనీ నుంచి సీతామహాలక్ష్మి వచ్చింది. ఆమె భర్త బ్యాంకు ఉద్యోగి, వాళ్ళది ఏలూరు. చీరలకు ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చి సలహాలు ఇచ్చి పోతుంది.

"ఏవండీ మనోరమగారూ, ఈ కుట్టు చూడండి. పాము పాకినట్టుందండీ. ఎల్లుండి పెళ్ళికి ఇదే కట్టుకుందామనుకున్నాను."

"ఇడిశిపోర్రి మేడం, ఇప్పి మల్ల కుడ్త."

"మీ చెయ్యేంటండీ అలా వణుకుతుంది?"

మనోరమ నోరు తెరిచేలోపే గడప మీంచి సత్యమ్మ అందుకుంది. "రక్తం తక్కువున్నదమ్మా."

"అయ్యో! మరి బీట్‌రూట్ పెట్టకపోయారా?"

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. సీతామహాలక్ష్మి ప్రాణాయామం గురించి మొదలుపెట్టింది. ముక్కు ఏవైపు మూసుకోవాలో చెబుతుండగా మనోరమ నోరు ఇంత వెడల్పున తెరుచుకుంది.

"నేనేమన్నా విసిగిస్తున్నానాండీ?" అందామె చిన్నబుచ్చుకుని.

విసిగిస్తున్న మాట నిజమే. కానీ ఆ ఆవులింతకు ఆమె బాధ్యురాలు కాదు. అది ఎలా చెప్పడం?

మధ్యాహ్నం అన్నాలయ్యాక పక్కింటి కోడి కనకాంబరం కుండీ ఎక్కి మట్టి గీరింది. దాన్ని అదిలించడానికి వెళ్ళిన సత్యమ్మ చాలాసేపు అక్కడే వంగి ఉండిపోయింది. తర్వాత అరచేతిలో మట్టి అంటిన తెల్లటి ముక్కలతో కోడలి కుట్టుమిషను దగ్గరికి వచ్చింది.

"ఏందివి?"

మనోరమ మిషను ఆపింది.

"ముగ్గుపిండా? సెప్పరాదే!"

"ఏడుపొస్తలేదు అత్తా."

"ఏడుపెందుకే నీకు? ఏం జేసుకుంటవ్?"

"రేపు నీకేమన్నయితే... ఊరు సంగతి ఇడువు. నాకే ఏడ్వాలనుంటది. ఎవలకోసమో ఏందో ఊకె ఏడిస్తి. నీకోసం ఏడ్వకుంటె ఎట్ల?"

సత్యమ్మ మెట్టు మీద కూలబడి, ఎగపోస్తున్న ఊపిరిని అదుపులోకి తెచ్చుకుంది. ఈమధ్య నాలుగడుగులు వేస్తే చాలు ఆమెకు ఆయాసం. పాదాలు కూడా ఉబ్బాయి.

"నాకోసం ఏడ్వనీకి నువ్వు మల్ల గా మంచం ఎక్కుతవా?" అంది చివరికి. గొంతు పెంచలేదు. "నాకోసం ఏడ్సెటోళ్లు ఊరినిండ ఉన్నరు. నేనెవలింటికి పోయి ఏడ్వలేదు? అందరొస్తరు. నాకు గావాల్సింది పొద్దుగాల లేసి పొయ్యి ముట్టిచ్చెటోళ్లు. గోడకు దిరిగి పండెటోళ్లు గాదు. సమజైందా?"

లోపలికి వెళ్ళి ఇంకో గోళీ, నీళ్ళు తెచ్చింది. మనోరమ మింగింది. నాలుక ఎత్తింది.

"గా పంటి సందు గూడ జూపియ్, దొంగదానా."

చూపించింది.

కోపం దిగాక సత్యమ్మకు కొత్త ఆలోచన వచ్చింది. అత్వెల్లిలో శోకం తీయడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. చచ్చినవాడి పేరు కూడా సరిగ్గా తెలియకపోయినా పాడె మోసేవాళ్ళను సైతం ఏడిపించగలదు.

"నీళ్లు ఎవలు సూస్తరే పిచ్చిదానా? కొంగు అడ్డముంటది. నోరు గావాలె. మొదాలు పిలువాలె. ఎనుక, చేసిన మంచి చెప్పాలె. ఆఖర్కి అడగాలె, నన్నెవలకు అప్పజెప్పి పోతివని. నేను సచ్చిననుకో. పట్టు."

అంటూ మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంది. ఒక కన్ను సగం తెరిచే ఉంది.

"తూ, ఏం మాటలత్తా!"

"పట్టుమంటె!"

మనోరమ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఓ అత్తో... నా అత్తో..."

"మంచిగున్నది. రాగం గుంజు."

"బీట్‌రూటు కూరలొండి పెడితివో... నా నాలికె ఎర్రగ జేస్తివో..."

శవం కడుపు కదిలింది.

"లేని పిల్లులను బావిల పడేస్తివో... ఇనుప జాలి ఏపిస్తివో..."

సత్యమ్మ నవ్వు ఆగింది. రెండు కళ్ళూ తెరిచి కోడలిని చూసింది. పిల్లుల మాట మనోరమకు ఎప్పటినుంచి తెలుసో ఆమె అడగలేదు. మనోరమ కొంగు తీయలేదు. పాలవాడి సైకిలు గంట కొట్టుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళింది.

"ఇగ అడుగు," అంది సత్యమ్మ. "ఆఖర్ది అడుగు."

మనోరమ నోరు తెరిచింది. పెద్ద ఆవులింత వచ్చింది.

ఇద్దరూ నవ్వారు. అంత నవ్వు ఆ ఇంట్లో ఎన్నాళ్ళయిందో. సత్యమ్మ నవ్వీ నవ్వీ దగ్గి, రొమ్ము పట్టుకుని లేచి కూర్చుంది.

"డాక్టర్‌కు సూపెడదాం అత్తా. ఆయాసం మస్తుగున్నది."

"ఇంటికి ఒకలు గోళీలు మింగితె సాలు తీ."

పొద్దు వాలాక మనోరమ సీతామహాలక్ష్మి చీర ముందేసుకుని పాత కుట్టు విప్పుతూ కూర్చుంది. వంటింటి గూట్లో గ్లాసు టక్కుమన్న చప్పుడు వినిపించింది. సత్యమ్మ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. "ఇయ్యాల దీపం నువ్వు పెట్టు. నేను జరసేపు ఒరుగుత. చాయ మాత్రం మంచిగ మసలనియ్," అని మంచం మీద వాలింది.

మనోరమ దీపం పెట్టింది. టీ మసలనిచ్చి, కప్పులో పోసుకుని వచ్చింది. "అత్తా, లే," అంది. మళ్ళీ అంది. సత్యమ్మ ఈసారి రెండు కళ్ళూ పూర్తిగా మూసుకుంది. మనోరమ చేతిలో టీ మీగడ కట్టేదాకా అలాగే నిలబడింది.

ఆమె చెప్పినట్టే ఊరంతా వచ్చింది. పక్కింటావిడ అండాలు శోకం అందుకుంది. జనార్ధన్ చిన్నపిల్లాడిలా తల బాదుకుని ఏడ్చాడు. ఈ ఏడుపుకు కారణం ఉంది కాబట్టి ఎవరూ విసుక్కోలేదు. మనోరమ అత్త తల దగ్గర కూర్చుని, నుదుటి మీదికి జారుతున్న వెంట్రుకలను వెనక్కి తోస్తూ ఉంది.

"పిలువే మనోరమా, మీ అత్తను పిలువు," అని అండాలు భుజం కుదిపింది.

"అత్తా," అంది మనోరమ, అన్నానికి పిలిచినట్టు. తర్వాత చెప్పాల్సిన మంచి చాలా ఉంది. నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే ఆ ముదనష్టపు ఆవులింత వచ్చింది.

శోకం ఒక్క క్షణం ఆగింది. "సూసిన్రా?" అని ఎవరో అన్నారు. చూశారు. అందరూ చూశారు.

తెల్లారేసరికి హాస్టల్ నుంచి హరీష్, ఊళ్ళ నుంచి చుట్టాలు దిగారు. చావింట్లో పొయ్యి ముట్టించరు కాబట్టి అండాలు వాళ్ళింటి నుంచి టీ వచ్చింది. శవానికి స్నానం చేయించడానికి పెద్ద గిన్నె కావాలన్నారు. అందుకని మనోరమ వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి చల్లగా ఉంది. గూట్లో గ్లాసు బోర్లించి ఉంది.

ఎత్తింది. కింద గోళీ ఉంది.

బయట శోకం మళ్ళీ ఎత్తుకున్నారు. మనోరమ కుండలో నీళ్ళు ముంచుకుని గోళీ మింగింది. నాలుక పైకెత్తింది. ఇటు తిప్పింది. అటు తిప్పింది. బుగ్గ వేలితో లాగి పంటి సందు కూడా చూపించింది. పొమ్మని చెప్పేవాళ్ళు లేక, అలాగే కాసేపు నిలబడింది.

"మనోరమా, గిన్నె ఏదే?" అని బయటినుంచి కేక వచ్చింది.

"తెస్తున్న."

గ్లాసు కడిగి, యథాప్రకారం గూట్లో బోర్లించి, గిన్నె తీసుకుని వెళ్ళింది. తడి గ్లాసు మీంచి నీటిచుక్క ఒకటి, తలకిందులుగా ఉన్న పేరులో ఒక్కో అక్షరం దాటుకుంటూ, అంచుదాకా జారి ఆగింది.