మూడు మంచాల గది

కంపెనీవాళ్లు జంషెడ్‌పూర్ ఆఫీసు మూసేస్తున్నామని చెప్పినప్పుడు దేవిశ్రీ బాధపడలేదు. పైగా లోలోపల సంతోషించింది. ఇక రోజూ స్కూటరు తియ్యక్కర్లేదు, ఎండలో ట్రాఫిక్‌లో పడి పోనక్కర్లేదు, సోనారిలోని తన ఫ్లాట్‌లో ఫ్యాను కింద కూర్చుని పని చేసుకోవచ్చు అనుకుంది. ఆఫీసులో పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు తలో ఊరికి వెళ్లిపోయారు. మొదట్లో రోజూ ఫోన్లు వచ్చేవి. తర్వాత పండగలకి మెసేజీలు వచ్చేవి. ఇప్పుడు అవి కూడా ఎవరో తయారుచేసిన బొమ్మలే, అందరికీ ఒకేసారి పంపేవి.

ఆమె పని మెయిన్‌ఫ్రేమ్ మీద. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో లక్షలమంది లెక్కలు ఒక్కచోటే చూసే పెద్ద కంప్యూటరు అది. ఎక్కడో సముద్రాల అవతల ఒక చల్లటి గదిలో ఉంటుంది. దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను కనిపెట్టుకుని ఉండడం దేవిశ్రీ ఉద్యోగం. ఇన్నేళ్లుగా దాని నాడి చూస్తూనే ఉంది గానీ, ఆ యంత్రాన్ని కళ్లారా ఎప్పుడూ చూడలేదు.

నలభై మూడేళ్ల మనిషి. పెళ్లి ఒకటి జరిగింది, నిలబడలేదు. అమ్మా నాన్నా పోయారు. పొద్దున్న తవిటమ్మ వచ్చి వంట చేసి వెళ్తుంది. అంతే, ఆ తర్వాత సాయంత్రం దాకా ఇంట్లో మాట వినబడదు. చిన్న విమానమేదైనా పక్కనున్న ఏరోడ్రోమ్‌లో దిగినప్పుడు కిటికీ అద్దాలు ఒకసారి అదురుతాయి. ఆ చప్పుడు కోసం కూడా తను ఎదురుచూస్తోందని దేవిశ్రీకి ఈ మధ్యనే తెలిసింది.

జూలైలో కంపెనీ ఆమెకు కొత్త పని అప్పజెప్పింది. కొత్తగా చేరిన పిల్లలకు మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ గురించి మొదటి పాఠాలు చెప్పాలి, ఆన్‌లైన్‌లో, వారానికి మూడు రోజులు. దేవిశ్రీ ఎగిరి గంతేసినంత పని చేసింది. మొదటి రోజు ఇస్త్రీ చీర కట్టుకుంది. కాటుక పెట్టుకుంది. లాప్‌టాప్ కింద నాలుగు పుస్తకాలు పేర్చి మొహం సరిగ్గా కనబడేలా చూసుకుంది.

తెర మీద ఇరవై పైచిలుకు నల్లటి గళ్లు కనబడ్డాయి. గడికొక పేరు. మొహం ఒక్కటీ లేదు.

"అందరికీ నా మాట వినబడుతోందా?" అని హిందీలో అడిగింది.

"యెస్ మామ్," అని ఎవరో టైపు చేశారు.

రెండు వారాలు అలాగే గడిచాయి. ఏదైనా అడిగితే జవాబు రాదు. సరదా మాట చెబితే నవ్వు వినబడదు. తనే నవ్వుకుని, తనే ఆగి, తనే మొదలుపెట్టేది. చివరికి ఆ గళ్ల వంక చూడడం మానేసింది. పాఠం కోసం తయారుచేసుకున్న బొమ్మల పేజీలను తెర నిండా పెట్టుకుని, వాటినే చూస్తూ చెప్పుకుపోవడం అలవాటు చేసుకుంది.

వర్చువల్ మెమరీ పాఠం వచ్చిన రోజున తెల్లవారుజాము నుంచి వాన. తవిటమ్మ ఆలస్యంగా వచ్చి వంటింట్లో కూర తరుగుతోంది. దేవిశ్రీ పాఠం మొదలుపెట్టింది. నిజానికి ఆ పాఠం అంటే ఆమెకు ప్రాణం. యంత్రంలో ఉన్న అసలు మెమరీ కొంచెమే. దాని మీద పనిచేసే ప్రోగ్రాములు వందలు. అయినా ప్రతి ప్రోగ్రామూ ఈ మెమరీ అంతా నా ఒక్కడిదే అనుకుంటుంది. అలా అనుకునేలా చేసేది ఆపరేటింగ్ సిస్టమ్. పుస్తకంలో ఉన్న నిర్వచనం చదవబోయి, ఎందుకో ఆగింది. వాళ్ల నాన్న గుర్తొచ్చాడు.

"మా నాన్న శ్రీకాకుళం దగ్గర ఒక పల్లె నుంచి ఈ ఊరికి కాంట్రాక్టు పనికి వచ్చాడు," అని మొదలుపెట్టింది. "బిర్సానగర్‌లో ఒక గది. గదిలో మూడు మంచాలు, మనుషులు తొమ్మిది మంది. ఒకడు పొద్దుటి షిఫ్టు, ఒకడు మధ్యాహ్నం, ఒకడు రాత్రి. ఒకడు లేచిపోగానే ఇంకొకడు వచ్చి అదే మంచం మీద పడుకునేవాడు. కానీ తొమ్మిది మందీ ఇంటికి ఒకే మాట చెప్పేవాళ్లు, నాకు ఇక్కడ ఒక మంచం ఉంది అని. అబద్ధం కాదు. పడుకుందామని వచ్చినప్పుడల్లా మంచం ఉండేది."

అక్కడి నుంచి మాటలు వాటంతట అవే వచ్చాయి. ఆ గదిని చూసుకునే మేస్త్రీ ఒకడు ఉండేవాడు. ఎవడి పెట్టె మంచం కింద ఉందో, ఎవడిది అటక మీదికి ఎక్కిందో అతనికే తెలుసు. మంచం కింద చోటే అసలు మెమరీ, అటకేమో డిస్కు. డ్యూటీ నుంచి వచ్చినవాడు నా పెట్టె ఏదీ అంటాడు. కింద లేదు. దాన్నే పేజ్ ఫాల్ట్ అంటారు. పేరు ఫాల్టే గానీ ఎవరి తప్పూ లేదు. మేస్త్రీ ఒక్క నిమిషం ఆగమని, అందరికన్నా ఎక్కువకాలంగా ఎవరూ ముట్టుకోని పెట్టె ఏదో చూసి దాన్ని పైకెక్కించి, వీడిది కిందికి దింపుతాడు. ఒకసారి కాంట్రాక్టరు అదే గదిలోకి ఇంకో పదిమందిని తోలాడట. ఇక మేస్త్రీకి పెట్టెలు దింపడం, ఎక్కించడంతోనే తెల్లారిపోయేది. ఎవడికీ నిద్ర లేదు. యంత్రం కూడా అంతే, మోయలేనన్ని ప్రోగ్రాములు నెత్తినేస్తే పేజీలు మోసుకోవడంతోనే దాని పొద్దు గడిచిపోతుంది, అసలు పని సాగదు.

దేవిశ్రీ చేతులు తిప్పుతూ చెప్పింది. మేస్త్రీ తిట్లను అతని గొంతుతోనే అనుకరించింది. నవ్వింది. నాన్న ఆ గదిలో తొలిరోజు కూర్చునే నిద్రపోయిన సంగతి చెబుతూ గొంతు జీరబోతే కాసేపు ఆగింది. పిల్లలు కూడా ఆగి వింటున్నారని అనిపించింది. ఇన్నేళ్లలో తను ఇంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు.

గంట అయ్యాక "ఏమైనా సందేహాలున్నాయా?" అంటూ బొమ్మల పేజీ పక్కకు జరిపింది. వెనకాల తెర బూడిదరంగులో ఉంది. మధ్యలో చిన్న చక్రం తిరుగుతోంది. కనెక్షన్ లేదు.

రోడ్డు తవ్వేవాళ్లు కేబులు తెంపేశారు. ఎప్పుడు తెంపారో ఫోన్‌లో పిల్లల గ్రూపు చూస్తే తెలిసింది. క్లాసు మొదలైన పది నిమిషాలకే. "మామ్ గొంతు రావట్లేదు," అని ఒకరు పెట్టారు. "నాకూ అంతే," అని ఇంకొకరు. "అయితే క్లాసు లేనట్టేనా?" అని ఒకరు. దాని కింద నవ్వుతున్న పసుపు మొహాలు నాలుగు. తర్వాత ఏమీ లేదు.

తనకు ఫోను చేసినవాళ్లు ఉన్నారేమోనని చూసింది. ఒక్కరూ చెయ్యలేదు.

దేవిశ్రీ లాప్‌టాప్ మూసి కుర్చీలోనే కూర్చుండిపోయింది. తను నవ్వింది, చేతులు తిప్పింది, నాన్నను తలుచుకుని గొంతు జీరబోయింది, ఇదంతా గోడకి. అందరూ ఆగి వింటున్నారని కూడా అనుకుంది. ఆ మాట తలుచుకుంటే మొహం మండిపోయింది.

వంటింటి గుమ్మం దగ్గర తవిటమ్మ నిలబడి ఉంది. కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"కూర దించీసి ఎప్పుడో అయిపోనాది గానీ, నువ్వు సెప్తంటే ఇంటా ఉండిపోనాను," అంది. "నువ్వు హిందీలోనే గదా సెప్పినావు. మా ఆయన కూడా అలాటి గదిలోనే ఉండీవోడు. మూడు మంచాలు కాదు, రెండే."

దేవిశ్రీ కుర్చీ ఇటు తిప్పింది. "అంతా విన్నావా పిన్నీ?"

"ఇన్నాను. మేస్త్రీ తిట్లు బాగా సెప్పినావు. అచ్చం అలగే తిట్టీవోళ్లు." తవిటమ్మ గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. "ఒక మాట అడుగుతాను, ఏటీ అనుకోకు. ఆ మిసను లోపలున్నోళ్లని అటక మీదికి ఎక్కించీసినప్పుడు, ఆళ్లకి తెలుత్తాదేటి, మమ్మల్ని ఎక్కించీసినారని?"

దేవిశ్రీ ఆలోచించింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

"తెలీదు పిన్నీ. అప్పుడు వాళ్లు నిద్రలో ఉన్నట్టే. మళ్లీ కిందికి దింపినప్పుడు, ఇంతసేపూ ఇక్కడే ఉన్నాం అనుకుంటారు."

"అదే మంచిది," అంది తవిటమ్మ లేస్తూ. "తెలిత్తే ఏడుపొత్తాది." గొడుగు తీసుకుని, ఇంకో ఇంటికి వేళైపోయిందంటూ వెళ్లిపోయింది.

ఆ రోజంతా దేవిశ్రీ ఇంట్లో ఆ మాట తిరుగుతూనే ఉంది. సాయంత్రం మేనేజరుకి రాసేసింది, ఒంట్లో బాగాలేదు, క్లాసులు ఇంకెవరికైనా ఇవ్వమని. పంపబోయి ఆగింది. ఇంకెవరూ లేరన్న సంగతి ఆమెకే తెలుసు. రాసింది చెరిపేసి పడుకుంది.

తర్వాతి క్లాసులో అదే పాఠం మళ్లీ చెప్పింది. ఈసారి కుదరలేదు. మేస్త్రీ గొంతు పలకలేదు. నవ్వు రావలసిన చోట నవ్వు రాలేదు. నాన్న సంగతి దాటేసింది. పావుగంట ముందే పాఠం అయిపోయింది. మిగిలిన సమయం ఏం చెయ్యాలో తెలియక, తవిటమ్మ వేసిన ప్రశ్నే వాళ్లను అడిగింది. అటకెక్కించిన ప్రోగ్రాముకి ఆ సంగతి తెలుస్తుందా?

ఎప్పటిలాగే నిశ్శబ్దం. ఈసారి దేవిశ్రీ తనే జవాబు చెప్పేయలేదు. నల్లటి గళ్లను చూస్తూ ఊరుకుంది. బయట ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. అప్పుడు ఒక ఆడపిల్ల గొంతు వినబడింది.

"మామ్, ఘడీ దేఖేగా తో పతా చల్ జాయేగా."

గడియారం చూసుకుంటే తెలిసిపోతుంది! దేవిశ్రీ నోరు తెరుచుకుంది. నిజమే. ప్రోగ్రాముకి లోపలి సంగతి ఏదీ తెలియదు. కానీ టైము ఎంతైందని అడిగితే, ఇందాకటికీ ఇప్పటికీ మధ్య జారిపోయిన కాలం తెలిసిపోతుంది. ఇంతకాలం తను ఎక్కడున్నదీ తెలియకపోయినా, తను లేకుండా కాలం గడిచిందని తెలుస్తుంది.

"కరెక్ట్," అంది. "చాలా కరెక్ట్. నీ పేరేంటమ్మా?"

ఆ పిల్ల పేరు నవ్య. ఏ ఊరని అడిగితే "జంషెడ్‌పూర్, మామ్. బిర్సానగర్," అంది. మూడు వారాలుగా ఒకే ఊళ్లో ఉండి ఒకే క్లాసులో కలుస్తున్నారు, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. దేవిశ్రీ ఉండబట్టలేక, అందరూ వింటూ ఉండగానే, ఆదివారం మా ఇంటికి భోజనానికి రా అనేసింది. అన్నాక నాలిక కరుచుకుంది.

నవ్య వచ్చింది. అద్దం పగిలిన స్కూటీ మీద, రెయిన్‌కోటు వేసుకుని, చేతిలో మిఠాయి పెట్టెతో. సన్నగా, చురుగ్గా ఉంది. వాళ్ల తాతది బొబ్బిలి అట. ఇంట్లో పెద్దవాళ్లు తెలుగు మాట్లాడితే తను హిందీలో జవాబిస్తుందట. ఇక్కడా అదే చేసింది.

దేవిశ్రీ తెల్లవారుతూనే లేచి బెండకాయ పులుసు, పప్పు, వడియాలు, సేమ్యా పాయసం అన్నీ చేసింది. పదిమందికి సరిపోయేలా ఉన్నాయి.

"ఇంకొంచెం వేసుకో."

"బస్ దీదీ, పేట్ ఫట్ జాయేగా," ఇక చాలక్కా, పొట్ట పగిలిపోతుంది అని నవ్య నవ్వింది. మామ్ కాస్తా దీదీ అయింది. దేవిశ్రీ వద్దంటున్నా ఇంకో గరిటె పాయసం వేసేసింది.

తిన్నాక నవ్య చెయ్యి కడుక్కుని వచ్చి, కుర్చీ అంచున కూర్చుంది. ఏదో చెప్పాలని తంటాలు పడుతోంది. చివరికి చెప్పింది. తనను వేరే ప్రాజెక్టుకి మార్చారు. కొత్త రకం పని, మెయిన్‌ఫ్రేమ్ కాదు. రేపటి నుంచి క్లాసులకి రాదు.

"మెసేజ్ పెడితే బాగుండదనిపించింది," అంది హిందీలోనే. "అందుకే స్వయంగా చెబుదామని వచ్చాను."

దేవిశ్రీ వెంటనే "మంచిదే కదా," అంది. "ఆ పనికి గిరాకీ ఎక్కువ. మంచిదే." ఆ మాటే ఇంకో రెండుసార్లు అంది. లేచి వెళ్లి, మిగిలిన పులుసు డబ్బాలో పోసి మూత గట్టిగా బిగించింది. వాళ్లమ్మకి ఇవ్వమంది.

కింద గేటు దాకా వెళ్లి సాగనంపింది. వాన వెలిసింది. స్కూటీ మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా అక్కడే నిలబడింది. పైకి వచ్చేసరికి ఇల్లు ముందటికంటే పెద్దదిగా కనిపించింది. రెండు కంచాలు కడిగి బోర్లించింది. అప్పుడు ఏడుపొచ్చింది, వంటింట్లో, కొళాయి తిప్పి ఉండగానే. చాలాసేపు ఏడ్చింది. ఆ పిల్ల మీద కోపం కాదు. చెప్పడానికి మనిషి ఇంటిదాకా వచ్చింది. అలా వచ్చి చెప్పినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు. ఒకప్పటి మొగుడు కూడా వెళ్లిపోయేటప్పుడు అలా చెప్పలేదు.

సోమవారం క్లాసులో ఒక గడి తగ్గింది. దేవిశ్రీ ఈసారి బొమ్మల పేజీ తెరవలేదు.

"ఈ రోజు పాఠం నేను వెంటనే మొదలుపెట్టను," అంది. "ముందు మీలో ఎవరైనా ఒకరు మాట్లాడండి. ఏదైనా సరే. పాఠం గురించే కానక్కర్లేదు. నేను ఆగుతాను."

ఆగింది. ఎవరూ మాట్లాడలేదు. ఎవరిదో మైకు ఆన్ అయి, మళ్లీ ఆగిపోయింది. దేవిశ్రీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈసారి తొందరపడదలుచుకోలేదు. చాలాసేపటి తర్వాత, సూరజ్ అని రాసి ఉన్న గడిలోంచి గొంతు సవరించుకున్న చప్పుడు వచ్చింది.

"మామ్... ఇక్కడ నాగపూర్‌లో కరెంటు పోయింది. ఫోన్ నుంచి వింటున్నాను. మా గదిలో నలుగురం ఉంటాం. మిగతావాళ్లు నిద్రపోతున్నారు. అందుకే గట్టిగా మాట్లాడలేను."

"పరవాలేదు," అంది దేవిశ్రీ, తన గొంతు కూడా తగ్గించి. "మెల్లగానే మాట్లాడు. నీ గదిలో మంచాలెన్ని?"