గరిటె చప్పుడు

నో లావేకి నోరు పెద్దది. పైన పోయే విమానాలకు కూడా వినిపించేలా తిడుతుందని ఊళ్లో నవ్వుకునేవారు. అలాంటి తల్లికి పుట్టిన ఏడేళ్ల ఎసేర్, సైన్యం విమానం బడి మీద బాంబు వేసిన వానాకాలం నుంచి ఉలుకూ పలుకూ లేకుండా పోయింది.

జబ్బేమీ కాదు, పిల్ల జీవం బెదిరి ఎక్కడో దాక్కుంది. అలాంటప్పుడు ఆ కొండల్లోని కారెన్ తెగవాళ్ల ఇళ్లల్లో ఇంటి మెట్టు మీద కొయ్యగరిటెతో కొట్టి, పేరు పెట్టి పిలిచి, జీవం రాగానే మణికట్టుకు తెల్లదారం కడతారు. నో లావే రోజూ కొట్టింది. కొట్టినప్పుడల్లా పిల్ల పరిగెత్తుకెళ్లి, గుంజల మీద కట్టిన ఇంటి కింద పందులు పడుకునే చోట నక్కేది.

"నీ గరిటెకి పోయిన జీవం రావడం కాదే, ఉన్నది కూడా పారిపోతోంది," అంది అత్తగారు.

"నువ్వు కాస్త నోరు మూసుకుంటే అదే వస్తుందిలే, అత్తా." అనైతే అంది గానీ, నో లావేకి లోపల ఒకటే దిగులు.

చివరికి, జీవం తప్పిపోయిన చోటే పిలవాలనుకుని, గరిటె, దారం, ఆకులో అన్నం ముద్ద పట్టుకుని పిల్లతో బడికి బయల్దేరింది. కూలిన బడి పక్కనే చెట్ల కింద వెదురు పాక వేసి కొత్త పంతులమ్మ పాఠాలు చెబుతోంది. నో లావే ఎవర్నీ అడగలేదు. పాత బడికి మిగిలిన ఒక్క మెట్టు ముందు కూర్చుని టకటకా కొట్టింది. "ఎసేర్! రా తల్లీ, అన్నం చల్లారిపోతోంది, రా!"

పాకలో పాఠం ఆగిపోయింది. పిల్లలంతా ఒక్క అరుపు లేకుండా, ఒకరినొకరు తోసుకోకుండా, బాంబులకు దాక్కోడానికి వెనక తవ్విన కందకంలోకి దిగిపోయారు. పాకలో పుస్తకాలు మాత్రం మిగిలాయి. ఎసేర్ కూడా తల్లి చెయ్యి విదిలించుకుని పరిగెత్తింది. అయితే అందరూ పోయినవైపు కాదు, సగం పూడిపోయిన పాత కందకంలోకి.

పంతులమ్మ నిప్పులు కక్కుతూ వచ్చింది. "బుద్ధుందా అక్కా నీకు? విమానం వస్తే మేం కొట్టేది ఈ చప్పుడే!"

ఆమె కొత్త కందకం దగ్గర నిలబడి హాజరు పిలిచింది. తన పేరు విన్న పిల్ల "ఉన్నానండీ" అంటూ పైకి వచ్చేది. వినని పిల్ల తల కూడా ఎత్తేది కాదు.

"హాజరు వరస తప్పితే రారక్కా. సిపాయిలు మోసం చేసి పిలుస్తారని అట్లా నేర్పాం," అంది.

నో లావే గరిటె కింద పెట్టేసింది. "మరి బాంబు పడిన రోజు ఎవరు పిలిచారు?"

"పిలవాల్సిన మాస్టారు ఆ బాంబుకే చనిపోయారు కదా. మీ పిల్లని ఊరివాళ్లు కందకంలోంచి చేతులతో బయటికి లాగారు."

అయ్యో దేవుడా, ఇన్నాళ్లూ ఈ చప్పుడుతో తనే పిల్లని ఇంకా లోపలికి తరుముతోంది! నో లావే ఏడుస్తూ పాత కందకం అంచుకి పరిగెత్తింది. ఆ వరస ఆమెకి వచ్చు. సాయంత్రాలు ఎసేర్ తరగతి పిల్లలు నలుగురూ తన వసారాలోనే హాజరు పిలుచుకుంటూ బడి ఆట ఆడేవారు. మిగతా ముగ్గురూ ఈ కందకంలోంచి ప్రాణాలతో రాలేదు.

చచ్చిపోయినవాళ్లని పేరు పెట్టి పిలిస్తే వెంట ఇంటికి వస్తారు. ఆ భయం లేని ఇల్లు ఆ కొండల్లో లేదు. "వద్దక్కా," అంది పంతులమ్మ కూడా.

"ఎమూ," అని పిలిచి నో లావే ఆగింది. తడిమట్టి వాసన తప్ప ఏమీ రాలేదు. "తావా." లోపల ఎవరో ఊపిరి పీల్చినట్టయింది. "ఎసేర్."

"ఉన్నానండీ."

ఎన్నాళ్లకు విన్నది ఆ గొంతు! నో లావే చేతులు చాచింది. "రా నా బంగారూ, పోదాం."

పిల్ల కదల్లేదు. "కలూని పిలవలేదు కదమ్మా. పాపం కూర్చునే ఉన్నాడు."

జుట్టు పట్టి లాక్కుని పారిపోదామనిపించింది నో లావేకి. కానీ పేరు వినపడక చీకట్లో కూర్చోవడమంటే ఏమిటో ఆమెకి ఇప్పుడే తెలిసింది. "కలూ," అంది. ఆపైన, "రండ్రా అందరూ," అంది. అప్పుడు పిల్ల పైకి వచ్చింది.

దారిలో నో లావే వెనక్కి చూడలేదు. "మెల్లగా నడువమ్మా, తావాకి చెప్పుల్లేవు," అంది ఎసేర్. ఆమె మెల్లగా నడిచింది.

ఇంటికొచ్చాక పిల్ల మణికట్టుకు దారం కట్టింది. మిగిలిన దారం మూడు ముక్కలు చేసి మెట్ల పక్క గుంజకు కట్టింది.

"అవెవరికే?" అత్తగారు బిత్తరపోయింది.

"పిల్లలకి," అంటూ నో లావే అన్నం కుండ దించింది. "కాస్త జరుగు అత్తా, వాళ్లని కూర్చోనీ."