ఒడ్డుకు వినపడే ఇంజను

అంకమ్మ పత్తి నూలును తొడమీద పెట్టి అరచేత్తో పేనుతోంది. పేనిన నూలును గుగ్గిలం కాచిన నూనెలో ముంచింది. వేళ్ళతో పిండి, బోర్లించిన పడవ అడుగున రెండు పలకల సందులో పెట్టి, మొద్దు ఉలి ఆనించి కొయ్యసుత్తితో కొట్టింది. నూలు సందులోకి దిగి కూర్చుంది. గోటితో గీకి చూసింది. ఇంకా కొంచెం పడుతుందనిపించి మళ్ళీ పేనడం మొదలుపెట్టింది.

తెల్లవారి ఎంతోసేపు కాలేదు. నాగార్జునసాగర్ నీళ్ళు బూడిదరంగులో కదలకుండా ఉన్నాయి. అనుపు దగ్గరి ఆ చిన్న రేవులో మిగతా పడవలన్నీ రాత్రి వేసిన వలలు తీయడానికి వెళ్ళిపోయాయి. ఒడ్డున ఈ ఒక్కటే మిగిలింది.

అది అంకమ్మ మొగుడు యల్లమందకు తండ్రి చేయించిన మద్దిచెక్క పడవ. దీపావళి ముందు ఒకరోజు నడినీళ్ళలో ఉండగా అడుగు చెమ్మగిల్లి, చూస్తుండగానే చీలమండ దాకా నీళ్ళొచ్చాయి. ఒకరు తోడుతూ ఒకరు తెడ్డు వేస్తూ ఎలాగో ఒడ్డు పట్టారు. పైకి లాగి బోర్లిస్తే, పాచి కింద చెక్క వేలితో పొడిచినా దిగేంత మెత్తగా ఉంది. అప్పటినుంచి పడవ ఒడ్డునే ఉంది. యల్లమంద వేరేవాళ్ళ పడవలో కూలికి వెళ్తూ, తీరిక దొరికినప్పుడల్లా మాచర్ల నుంచి దేవదాసు అనే వడ్రంగిని పిలిపించుకుని కుళ్ళిన పలకలు ఒక్కొక్కటే తీయించి కొత్తవి వేయించాడు. పాచి గీకడం, మేకుల తుప్పు రాల్చడం, సందుల్లో నూలు కూరడం అంకమ్మ పని. శివరాత్రి వెళ్ళాక తారు కూడా పూశారు. ఇంజను కూర్చోబెట్టడానికి వెనకవైపు నిన్న మార్చిన పలక దగ్గర ఒక్క సందు మిగిలింది. దాన్నే ఇప్పుడు పూడుస్తోంది.

ఆమెకు యాభై దాటాయి. పొట్టి మనిషి. నడుం సన్నగా, భుజాలు వెడల్పుగా ఉంటాయి. రవిక చేతులు ఎప్పుడూ భుజాల దగ్గరే పిగులుతాయి. అరచేతుల్లో తెడ్డు రాసి రాసి లేచిన కాయలు పసుపుపచ్చగా, గీరితే పొట్టు లేచేలా ఉంటాయి. ఎండకు రేవులో అందరి మొహాలూ నల్లబడతాయి గాని, ఆమెకు కనుబొమల మధ్య గీతలు కూడా పడ్డాయి. గాలి ఎటు తిరుగుతోందో చూసి చూసి పడ్డ గీతలవి.

అంకమ్మ పుట్టింది నాదెండ్ల దగ్గర. వాళ్ళ నాన్న కూడా చేపలు పట్టేవాడే గాని, ఊరి చెరువుల్లో, మోకాలి లోతులో. పెళ్ళయి ఇక్కడికొచ్చిన వారానికే అత్త రామాయమ్మ తెడ్డు చేతికిచ్చింది. మొగుడు వల వేస్తుంటే పెళ్ళాం పడవ నిలబెట్టాలి, రేవులో అన్ని ఇళ్ళలోనూ అంతే. మొదటిరోజు నడినీళ్ళలోకి వెళ్ళాక మామ సరదాగా చెప్పాడు. డ్యాము కట్టకముందు ఇక్కడ ఊళ్ళుండేవి, సరిగ్గా మన కింద వీధులూ బావులూ ఉంటాయి అని. అంకమ్మ పడవ అంచు మీదినుంచి కిందికి చూసింది. నల్లటి నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. ఇంత లోతు నీళ్ళ కింద మళ్ళీ బావులు. ఆ మాట ఆమె లోపల పడిపోయి ఇక బయటికి రాలేదు. ఆ తర్వాత రోజూ పడవెక్కింది. రోజూ ఎక్కేముందు నీళ్ళ వైపు చూడకుండా తల తిప్పుకునేది. ఆమెకు ఈత రాదు. కూతురు సరితను మాత్రం తెడ్డు ముట్టనివ్వలేదు. పదో తరగతి కాగానే నరసరావుపేటలో చెల్లెలింట్లో పెట్టింది. ఇప్పుడు సరిత అక్కడే బట్టల షాపులో పనిచేస్తోంది. ఇద్దరు పిల్లలు.

వెనకనుంచి యల్లమంద వచ్చాడు. మాచర్లకు బస్సు వేళవుతోంది, లేవమన్నాడు. అతను సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నవ్వితే పైపళ్ళ మధ్య సందు కనిపిస్తుంది. అంకమ్మ చివరి పేట కూరి, పైన గుగ్గిలం ముద్ద అద్ది, చేతులు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంది. లేస్తుంటే ఎడమ భుజం కలుక్కుమంది. పోయిన వానాకాలం నుంచీ ఆ నొప్పి ఉంది. రెక్కనుంచి రొమ్ము దాకా లాగుతుంది. తెడ్డు వేస్తే ఎక్కువయ్యేది. ఇంజను ఆలోచన వచ్చిందే అందుకు.

"ఇంక నువ్వు రాబళ్ళేదులే" అన్నాడు యల్లమంద, పోయిన నెల ఒకరోజు అన్నం తింటూ. "ఇంజనేత్తే నేనొక్కణ్ణే పోయొస్తా. నువ్వు ఇంటికాడ ఉండు."

మంచికే అన్నాడు. ఈ మాట కోసం పెళ్ళయినప్పటినుంచీ ఎదురుచూసిన మనిషి అంకమ్మ. తీరా వచ్చేసరికి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. సరిత కడుపులో ఉన్నప్పుడు జరిగింది గుర్తుకొచ్చింది. వల విసిరే ఊపులో యల్లమంద కాలికి తాడు చుట్టుకుని నీళ్ళలో పడ్డాడు. ఈత వచ్చిన మనిషే. వల బరువు కిందికి లాగుతుంటే పైకి రాలేకపోయాడు. నీళ్ళ మీద వేళ్ళు మాత్రం కనపడ్డాయి. ఆమె తెడ్డు చాచింది. వేళ్ళు దాన్ని పట్టుకున్నాయి. ఆ సాయంత్రం రేవులో అందరికీ అతను నవ్వుతూ చెప్పాడు. ఆమెకు ఇప్పటికీ నవ్వు రాదు. ఇక మీదట పడవలో తెడ్డు చాచే మనిషి ఉండదు.

మాచర్ల బస్టాండు వెనక సందులో కోటేశ్వర్ షాపు. పాత పంపుసెట్లు, మందు కొట్టే మిషన్లు, పడవలకు పనికొచ్చే ఇంజన్లు రిపేరు చేసి అమ్ముతాడు. యల్లమందను బాబాయ్ అంటాడు. ముందే రెండు ఎంచి పక్కన పెట్టాడు. ఒకటి పెట్రోలుది. చిన్నది, ఎర్రగా మెరుస్తోంది, ఒంటిచేత్తో ఎత్తొచ్చు. నీళ్ళు తోసే ఫ్యానును డ్రమ్ము నీళ్ళలోకి దించి తాడు లాగితే ఒక్క లాగుకే అందుకుంది. పక్కన నిలబడి మామూలుగా మాట్లాడుకున్నా మాట వినపడుతోంది. రెండోది డీజిలుది. ఎవరో పొలంలో వాడిన పాత ఇంజనుకు పొడుగు రాడ్డు బిగించి చివర ఫ్యాను పెట్టారు. హ్యాండిలు తిప్పి తిప్పి కోటేశ్వర్ రొప్పాక గాని అందుకోలేదు. అందుకున్నాక షాపు రేకులు అదిరాయి. సందు చివర టీకొట్టు దగ్గరున్నవాళ్ళు ఇటు తిరిగి చూశారు.

యల్లమంద పెట్రోలుదాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పాత పడవకు తేలికది మంచిదని కోటేశ్వర్ కూడా అన్నాడు. డీజిలుది ఒకటే ఊగుతుంది, ఆ ఊపుకు పలకల సందులు వదులవుతాయేమో చూసుకోమన్నాడు.

ఆ మాట అంకమ్మకు వినపడింది. పొద్దున తన చేత్తో కూరిన నూలు కళ్ళముందు ఒక్కో పేటా ఊడి వస్తున్నట్టనిపించింది. అయినా ఆమె ఆ ఎర్ర ఇంజను వైపు చూడలేదు. టీకొట్టు వైపు, అక్కడ ఇంకా ఇటే చూస్తున్న మనుషుల వైపు చూసింది.

"డీజిల్ది తీసుకుందాం" అంది.

యల్లమంద వినపడనట్టు పెట్రోలు ఖర్చు సంగతి అడుగుతున్నాడు. అంకమ్మ మళ్ళీ అదే అంది. అతను విసుక్కుంటూ ఆమెను షాపు బయటికి తీసుకొచ్చాడు.

"ఏందే నీ గొడవ? చెక్క కదిలిపోద్దంటున్నాడు ఇనలా?"

"ఇన్నా."

"మరి?"

"నువ్వు కొండెనక్కి పోతావు. ఒడ్డునుంచి కనపడవు" అంది అంకమ్మ నేలమీదికి చూస్తూ. "ఇనపడాల గదా."

యల్లమందకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"సప్పుడు ఆగిపోతే ఏం జేత్తావు?"

"మనుషుల్ని పిలుత్తా. ఎటునించి ఆగిందో సెప్తా."

అతను ఆమె మొహంలోకి చూశాడు. బస్టాండు నుంచి బయటికొచ్చే బస్సు హారన్ కొడుతుంటే ఇద్దరూ పక్కకు జరిగారు.

"నీళ్ళంటే బయమా నీకు?"

"చానా."

"ఎప్పట్నించి?"

"వచ్చిన కాణ్ణించి."

"మరి రోజూ ఎక్కావు గదా."

"నువ్వుండావుగా అందులో" అంది అంకమ్మ.

యల్లమంద ఆమె కనుబొమల మధ్య గీతలు చూశాడు. ఇన్నేళ్ళు ఒకే పడవలో ఎదురెదురుగా కూర్చున్న మనిషి. ఆమె మొహం అలా ఉండటం ఎండ వల్లే అనుకున్నాడు. లోపలికెళ్ళి డీజిలుది ఆటో ఎక్కించమన్నాడు.

మధ్యాహ్నం పడవను మళ్ళీ వెల్లకిలా తిప్పి, దేవదాసు ఇంజను బిగించే పని మొదలుపెట్టాడు. షాపు దగ్గర్నుంచీ అంకమ్మ మనసులో నలుగుతున్నది అతనికి చెప్పింది. సందులు కదలకుండా ఏదైనా చేయమంది. దేవదాసు పాత లారీ టైరు ముక్కలు కోసి, ఇంజను కింద ఉండే దుంగకూ ఇంజనుకూ మధ్య మెత్తగా పరిచి, వాటి మీద బోల్టులు బిగించాడు. అంకమ్మ ప్రతి బోల్టునూ తన చేత్తో కదిపి చూసింది. ఒకదాన్ని ఇంకో చుట్టు తిప్పించింది. దేవదాసు ఏమీ అనుకోలేదు. "అయిందక్కా. ఇంకా బిగిత్తే చెక్క పగులుద్ది" అన్నాడు.

పొద్దు వాలుతుండగా రేవులోని మగవాళ్ళంతా కలిసి పడవను నీళ్ళలోకి దించారు. ఎండిన చెక్క నీళ్ళు తాగి ఉబ్బేదాకా మొదట్లో కొంత ఊరుతుంది. అందరికీ తెలిసిందే. పలకల మీద తడి గీతలు గీతలుగా తేలుతుంటే అంకమ్మ ఒడ్డున నిలబడి వాటినే చూసింది. యల్లమంద లోపలంతా వంగి చూసి ఫర్వాలేదని చెయ్యి ఊపాడు. నీళ్ళు తోడే డబ్బా ఎక్కడుందని ఆమె అడిగింది. ఎత్తి చూపించాడు. వల తాడు కాలికి తగలకుండా చుట్టమంది. దాన్ని కూడా చూపించాడు. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. అతను హ్యాండిలు తిప్పాడు. ఇంజను దగ్గి దగ్గి అందుకుంది. ఒడ్డు రాళ్ళ మీది కొంగలు లేచిపోయాయి. మగవాళ్ళు చెవులు మూసుకుని నవ్వారు.

పడవ ముక్కు పైకి లేపి నాగార్జునకొండ వైపు తిరిగింది. పెళ్ళయినాక ఆ పడవ ఆమె లేకుండా నీళ్ళలోకి పోవడం అదే మొదలు.

అందరూ ఇళ్ళకు మళ్ళాక అంకమ్మ గుడిసెకు వెళ్ళి వచ్చింది. అతని ఉతికిన లుంగీ ఒకటి మడిచి తెచ్చుకుంది. ఎప్పుడూ ఇద్దరూ తడిసే వచ్చేవాళ్ళు. తడిబట్టలతోనే చేపలు ఏరి, తడిబట్టలతోనే ఇంటికి నడిచేవాళ్ళు. ఒడ్డున పొడి బట్ట పట్టుకుని కూర్చునే మనిషి ఇంతకుముందు ఎవరూ లేరు. ఒక బండకు వీపు ఆనించి, లుంగీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సరిత ఫోన్ చేసింది. నాన్న ఒక్కడే వెళ్ళాడా అని అడిగింది. వెళ్ళాడనీ, ఇంజను చప్పుడు తనకు బాగా వినపడుతోందనీ అంకమ్మ చెప్పింది. ఫోన్ తీసి నీళ్ళవైపు పెట్టింది. నీక్కూడా వినపడుతోందా అని అడిగింది. ఏదో గరగరమంటోందని సరిత నవ్వింది. పిల్లలు అన్నం తిన్నారా అని అంకమ్మ అడిగి, తర్వాత మాట్లాడతానని పెట్టేసింది.

చప్పుడు దూరమవుతోంది. మొదట గుండె మీద కొట్టినట్టున్నది, తర్వాత ఇంట్లో పక్కగదిలో రుబ్బుతున్నట్టు, తర్వాత ఎక్కడో బోరు ఆడుతున్నట్టు. కొండ దాటాక సన్నని గీతలా మిగిలింది. గాలి తిరిగినప్పుడు అదీ తెగిపోయింది.

అంకమ్మ ఊపిరి బిగబట్టింది. గాలికి వినపడటం లేదా, ఆగిందా. వల వేసేటప్పుడు ఇంజను ఆపుతాడు, అందుకేనేమో. కాలికి తాడు. అడుగున నూలు. టైరు ముక్కలు జారితే. ఒక్కొక్కటే వచ్చి మీద పడ్డాయి. కింద ఎక్కడో వీధులు, వాటి మధ్య బావులు. లేచి ఎవరినైనా పిలుద్దామా అనుకుంది. లేవబోతే ఎడమ రెక్క బరువెక్కి ఉంది. రొమ్ములో ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంది. భయానికి ఆమె ఒళ్ళు ఎప్పుడూ ఇలాగే బిగుసుకుంటుంది. ఇదీ అదేననుకుంది. చెమట కొంగుతో తుడుచుకుంది. కళ్ళు మూసుకుని చెవులు మాత్రం అటే పెట్టింది.

చాలాసేపటికి కొండ వెనక దగ్గు వినపడింది. ఒకసారి, రెండుసార్లు. ఇంజను అందుకుంది. గీతలాంటి చప్పుడు మళ్ళీ మొదలై, లావై, నీళ్ళ మీదుగా ఇటు తిరిగింది. ఇక అది గాలికి తెగలేదు. వస్తున్నాడు. అంకమ్మ తల వెనక్కి వాల్చి బండకు ఆనించింది.

మసక వెలుతురులో యల్లమంద ఒడ్డుకొచ్చి ఇంజను ఆపాడు. నడుందాకా తడిసి ఉన్నాడు. పడవను ఇసుక మీదికి లాగుతూనే చెప్పడం మొదలుపెట్టాడు. మూడు డబ్బాల నీళ్ళు కూడా ఊరలేదట. ఆమె కూరిన సందులో చెమ్మైనా లేదట. ఊపుకు ఒక్క బోల్టూ కదల్లేదట. రేపు ఇంకా అవతలికి పోవచ్చునట.

"ఇనపడిందా?" అన్నాడు దగ్గరికొచ్చి. "ఏమే, ఇనపడిందా లేదా?"

భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె తల పక్కకు ఒరిగింది.

అతను పిలిచిన పిలుపుకు గుడిసెల్లోంచి జనం వచ్చారు. ఎవరో ఆటో తెచ్చారు. విజయపురిసౌత్ ఆసుపత్రిలో డాక్టరు నాడి చూసి, గుండె ఆగి చాలాసేపే అయిందన్నాడు. మళ్ళీ అదే ఆటోలో ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. సరితకు కబురు చేశారు. తడిబట్టలు మార్చుకోమని దేవదాసు ఎన్నిసార్లు చెప్పినా యల్లమంద కదల్లేదు. అలాగే ఆమె తల దగ్గర కూర్చున్నాడు. కాసేపటికొకసారి, నేనొచ్చేది ఇనపడిందంటావా అని పక్కనున్నవాళ్ళను అడిగాడు. వినపడే ఉంటుందని ఎవరో ఒకరు చెబుతూ వచ్చారు.

ఆమెను ఎత్తేటప్పుడు ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టిన లుంగీ ఒడ్డున బండ మీదే ఉండిపోయింది, మడత విప్పకుండా, పొడిగా.